సూపు గిన్నెలో ఇరుక్కున్న తల
(ఒక ఫిల్మ్ క్లబ్‌లో స్వీడన్ బాలల చిత్ర ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవారికి వినిపిస్తోంది కదా? సరే.

ఈ సాయంత్రం మీరు చూడబోయే సినిమా గంట కూడా ఉండదు. దానికి ముందు నన్ను ఓ పావుగంట మాట్లాడమన్నారు. పప్పు కన్నా పోపు ఎక్కువవుతుందేమోనని భయపడుతూనే ఒప్పుకున్నాను. ముందు వరసలో పిల్లలున్నారు. మాట్లాడకుండా కూర్చోమని వాళ్లకు ఎవరో గట్టిగా చెప్పినట్టున్నారు. ఆ ఆజ్ఞను నేను రద్దు చేస్తున్నాను. (నవ్వులు)

మన ఇళ్లలో అట్లు పోసేటప్పుడు చివర గిన్నె అడుగున మిగిలిన పిండిని గీకి పిల్లలకు ఓ బుల్లి అట్టు పోస్తారు. పిల్లలకు అదో సంబరం. చాలా దేశాల సినిమా పరిశ్రమలు కూడా బాలల సినిమాను ఇలాగే తీస్తాయి. మిగిలిన డబ్బు, మిగిలిన నటులు, మిగిలిన సెట్లు. స్వీడన్‌లో మాత్రం కొన్ని దశాబ్దాలపాటు మొదటి అట్టునే పిల్లల పళ్లెంలో వేశారు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మొదటి అట్టు పెనానికి అంటుకుపోతుంది కదా అని ఎవరో అంటున్నారు. నిజమే, అక్కడా అంటుకుపోయింది. ఆ సంగతితోనే మొదలుపెడతాను.

స్వీడన్ పిల్లల కథల రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ 1907లో దక్షిణ స్వీడన్‌లోని స్మోలండ్ ప్రాంతంలో, విమ్మర్‌బీ పట్నం పక్కన ఒక రైతు ఇంట్లో పుట్టారు. 1941లో జబ్బుతో మంచం పట్టిన కూతురు, అప్పటికప్పుడు ఒక పేరు కల్పించి ఆ పేరు గల అమ్మాయి కథ చెప్పమంది. పిప్పి లోంగ్‌స్ట్రుంప్. అంటే పొడుగు మేజోళ్ల పిప్పి. మన చెవికి ఆ పేరు వింటే పుచ్చిన పన్ను గుర్తొస్తుంది కానీ, ఆ అమ్మాయి పళ్లు గట్టివే. చేతులు మరీ గట్టివి, గుర్రాన్ని ఎత్తేస్తుంది. అమ్మ లేదు, నాన్న ఎక్కడో సముద్రాల మీద ఉన్నాడు. పెద్ద ఇంట్లో ఒక కోతితో, ఒక గుర్రంతో, పెట్టెడు బంగారు నాణేలతో ఒంటరిగా కాపురం. కొన్నేళ్ల తర్వాత లిండ్‌గ్రెన్ మంచు మీద జారిపడి కాలు బెణికి మంచాన పడితే, ఊరికే ఉండలేక ఆ కథలను కాగితం మీద పెట్టారు. ఒక ప్రచురణ సంస్థ వెనక్కి పంపింది. మరో సంస్థ 1945లో అచ్చు వేసింది.

1949లో పిప్పిని సినిమా తీశారు. పిప్పి వేషం వేసింది చిన్న పిల్ల కాదు, ఇరవై ఏళ్లు దాటిన నటి. మనవాళ్లు దీనికి సరిగ్గా తిరగేసిన పని చేశారు. 1936లోనే సి. పుల్లయ్య గారు ‘సతీ అనసూయ’లో పెద్దల వేషాలు పిల్లల చేత వేయించారు. పిల్లలు పెద్దవాళ్లలా నటిస్తే చూసేవాళ్లకు ముద్దొస్తుంది. పెద్దవాళ్లు పిల్లల్లా నటిస్తే తల దించుకోవాలనిపిస్తుంది. లిండ్‌గ్రెన్‌కు ఆ సినిమా నచ్చలేదు. అక్కడితో ఆమె ఒక నిర్ణయానికి వచ్చారు. ఇకపై తన కథలు సినిమా అయితే స్క్రీన్‌ప్లే తానే రాస్తారు. తర్వాతి మూడు నాలుగు దశాబ్దాల్లో వచ్చిన సినిమాలు చాలావరకు ఆమె సొంత రాతతో వచ్చినవే. పుస్తకం అమ్మేసి చెక్కు తీసుకుని ఇంటికెళ్లే రచయితలకు ఇది కొత్తగా అనిపించవచ్చు.

ఆమెకు తగిన జోడీగా దొరికిన మనిషి దర్శకుడు ఒల్లె హెల్‌బోమ్. 1957లో ఆమె బాల డిటెక్టివ్ కథతో మొదలుపెట్టి, 1982లో చనిపోయేదాకా లిండ్‌గ్రెన్ కథలతోనే 15కు పైగా సినిమాలు తీశారు. నిర్మాత పేరు కూడా ఒల్లెయే, ఒల్లె నూర్డెమార్. ఈ ముగ్గురూ కలిసి 1964లో ఒక పని చేశారు. టీవీ కోసమే ఒక కథ రాయించుకున్నారు. ముందు తెర, తర్వాత పుస్తకం. స్టాక్‌హోమ్ పక్క సముద్రంలో వేల దీవులున్నాయి. వాటిలో నూర్రోరా అనే చిన్న దీవి మీద 13 భాగాలు చిత్రించారు. కథ పేరు ‘సాల్ట్‌క్రోకన్’. వేసవి గడపడానికి నగరం నుంచి ఒక రచయిత పిల్లలతో దిగుతాడు. దీవిలో షూర్వెన్ అనే బొద్దుపిల్ల ఉంటుంది. ఆమె వెనకే దూడంత కుక్క. ఆ పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని రచయితతో ‘మెల్కర్ బాబాయ్, నీకో సంగతి తెలుసా?’ అని మొదలుపెడుతుంది. మన సర్పంచులకు కూడా అంత నిబ్బరం ఉండదు. స్వీడిష్‌లో ఆమె వాడే పిలుపు ‘ఫార్‌బ్రూర్’. అంటే నాన్న తోడబుట్టినవాడు. ముక్కూ మొహం తెలియని మగవాళ్లను కూడా అప్పట్లో అక్కడి పిల్లలు అలాగే పిలిచేవారు. మనం బస్సులో కండక్టరును ‘బాబాయ్’ అన్నట్టే.

ఇక్కడ వాతావరణం గురించి ఒక్క మాట. స్వీడన్‌లో డిసెంబర్‌లో మధ్యాహ్నం మూడింటికే చీకటి పడుతుంది. జూన్‌లో రాత్రి పదయినా వెలుగు పోదు. బడులకు సెలవులు జూన్ మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా. పిల్లలతో తీయాలంటే ఆ రెండు నెలలే తీరిక. అందుకే ఈ సినిమాల్లో ఎప్పుడు చూసినా వేసవే. అది కవిత్వం అని మనం అనుకుంటాం. సగం కవిత్వం, సగం కాల్షీట్ల సమస్య.

1969లో పిప్పి మళ్లీ వచ్చింది. ఈసారి ఇంగెర్ నీల్సన్ అనే నిజమైన పిల్ల, రెండు జడల్లో తీగ పెట్టి అటూ ఇటూ నిలబెట్టారు. గుర్రం నిజానికి తెల్లది, మచ్చలు రంగుతో వేసినవి. షూటింగ్ గోట్లండ్ దీవిలోని విస్బీలో జరిగింది. పశ్చిమ జర్మనీ భాగస్వామ్యం ఉంది కాబట్టి డబ్బుకు ఇబ్బంది లేదు. ఆ ఇల్లు ఇప్పటికీ విస్బీ బయట ఒక పార్కులో ఉంది, జనం వెళ్లి చూస్తారు. పిప్పి పాటకు మాటలు లిండ్‌గ్రెన్‌వి, బాణీ యాన్ యోహాన్సన్‌ది. ఈయన ఎవరనుకున్నారు? స్వీడన్ జానపదాలను జాజ్ పియానో మీద పలికించి 1964లో ఒక రికార్డు చేసిన మహానుభావుడు. ఆ రికార్డు ఆ దేశంలో ఇంటింటా ఉంటుందంటారు. ఆ పాట పిల్లల నోట్లోకి వెళ్లడం ఆయన చూడలేదు. 1968 నవంబర్‌లో కారు ప్రమాదంలో పోయారు, టీవీలో పిప్పి వచ్చింది ఆ తర్వాతి ఏడాది. ఆ రికార్డులో ఆయన పియానోకు తోడుగా బాస్ వాయించిన గేయోర్గ్ రీడెల్, తర్వాత లిండ్‌గ్రెన్ కథల్లోని అల్లరి పిల్లవాడు ఎమిల్ సినిమాలకు పాటలు కట్టారు. వాటిలో చెల్లెలు ఈడా పాడే వేసవి పాట ఒకటి. ఎవరో ఒకరు పూనుకోకపోతే వేసవి దానంతటదే రాదు, పువ్వులు పూయించేది నేనే అని ఒక చిన్న పిల్ల గొప్పలు పోయే పాట. ఇప్పుడు స్వీడన్‌లో బడి చివరి రోజున పిల్లలు పాడే పాటల్లో అదొకటి.

ఎమిల్ అన్నాను కదా. ఆ సినిమాల దగ్గర కాసేపు కూర్చుందాం, నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి అవే. 1971, 1972, 1973లో వరసగా మూడు వచ్చాయి. నూరేళ్ల కిందటి స్మోలండ్ పల్లె, కట్‌హుల్ట్ అనే కమతం. ఎమిల్ ఆ ఇంటి కొడుకు. చూస్తే దేవుడి పటంలోంచి దిగినట్టుంటాడు. రోజుకో తంటా తెస్తాడు. జర్మనీలో ఈ పిల్లవాడి పేరు మిషెల్. అక్కడ అప్పటికే ఇంకో ప్రసిద్ధ రచయిత కథల్లో ఎమిల్ ఉన్నాడని పేరు మార్చేశారు. సొంత ఊళ్లో ఎమిల్ స్మోలండ్ యాసలో తన టోపీని ‘మిస్సె’ అని, కొయ్య తుపాకీని ‘బిస్సె’ అని అంటాడు. రెండూ లేకుండా నిద్రపోడు. సబ్‌టైటిల్స్‌లో ఆ యాస పోతుంది. టోపీ, తుపాకీ మాత్రం మిగులుతాయి.

ఒక రోజు ఇంట్లో మాంసం సూపు చేశారు. అందరూ తిన్నాక పింగాణీ గిన్నె అడుగున కాస్త మిగిలింది. దాన్ని నాకడానికి ఎమిల్ తల దూర్చాడు. తల ఇరుక్కుంది. ఇంటిల్లిపాదీ లాగారు. రాలేదు. పగలగొట్టేద్దాం అంటే తండ్రి అంటోన్ అడ్డుపడ్డాడు. గిన్నె ఖరీదు నాలుగు క్రోనాలు! డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే ఆయన మూడు క్రోనాలకు మించి తీసుకోడు. అంటే ఒక క్రోనా లాభం. ఈ లెక్క విని నవ్వుతున్నారు కానీ, మన ఊళ్లలో ఈ లెక్క వేసే నాన్నలు మీకు తెలుసు. మీలో కొందరు వాళ్ల కొడుకులే. (నవ్వులు) గుర్రబ్బండి కట్టుకుని, గిన్నె తలతో పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకుని పట్నం వెళ్లారు. డాక్టరు గదిలో ఎమిల్ మర్యాదగా వంగి నమస్కారం చేశాడు. గిన్నె బల్లకు తగిలి రెండు చెక్కలయింది. నాలుగు క్రోనాలూ పోయాయి. ఇంటికొచ్చాక అంటోన్ ఆ రెండు చెక్కలనూ జిగురుతో అతికిస్తాడు. ఎమిల్ మళ్లీ తల దూరుస్తాడు. ఈసారి తల్లి మారుమాట్లాడకుండా పొయ్యి దగ్గరి ఇనప చువ్వ అందుకుంటుంది.

ఈ సన్నివేశంలో పిల్లవాడు చేసేది ఏముంది? తల దూర్చి కూర్చోవడమే. మొహం కూడా కనిపించదు. నటించాల్సిందంతా చుట్టూ ఉన్న పెద్దవాళ్లు. హెల్‌బోమ్ పద్ధతి అంతా ఇందులో ఉంది. పిల్లల చేత నటన చేయించడం కన్నా, వాళ్లను ఒక పనిలో పెట్టి, చుట్టూ గొప్ప నటులను నిలబెట్టడం. అంటోన్‌గా వేసింది అల్లన్ ఎడ్వాల్. స్వీడన్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ పేరు ఈ క్లబ్బులో నేను పరిచయం చేయనక్కర్లేదు. బెర్గ్‌మన్ 1963 చిత్రం ‘వింటర్ లైట్’లో, దేవుడి మౌనం గురించి పాస్టరుకు నాలుగు మాటలు చెప్పే గూని సేవకుడు ఉంటాడు, గుర్తుందా? ఆయనే ఈయన. ‘ఫానీ అండ్ అలెగ్జాండర్’లో చనిపోయే తండ్రీ ఈయనే. అదే మనిషి ఇక్కడ పెరట్లో నిలబడి ఊరంతా వినేలా ‘ఏఏ..మిల్!’ అని అరుస్తాడు. ఆ అరుపులో కోపం ఎంత ఉందో, ఈ పిల్లవాడు నాకెలా పుట్టాడన్న ఆశ్చర్యమూ అంతే ఉంటుంది. ఇంట్లో పనిమనిషి లీనాగా వేసిన మౌద్ హాన్సన్, 1957లో ‘సెవెంత్ సీల్’లో మంటల్లో కాల్చబోయే మంత్రగత్తె పిల్ల. బెర్గ్‌మన్ దగ్గర మృత్యువును ఎదుర్కొన్నవాళ్లు ఇక్కడ కోడిపెట్టలను తోలుతున్నారు. తక్కువ పని చేస్తున్నామన్న భావం ఒక్కరి మొహంలోనూ కనిపించదు.

తంటా తెచ్చిన ప్రతిసారీ ఎమిల్‌ను వడ్రంగి కొట్టంలో పెట్టి గడియ వేస్తారు. వాడు అక్కడ కూర్చుని ఒక కొయ్యబొమ్మ చెక్కుతాడు. అలా గోడ పొడుగునా వందల బొమ్మలు చేరతాయి. శిక్షల లెక్క అన్నమాట. కొన్నిసార్లు నాన్న కోపం చల్లారేదాకా తానే లోపల గడియ పెట్టుకుంటాడు. లిండ్‌గ్రెన్ 1978లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో శాంతి బహుమతి అందుకుంటూ, పిల్లలను కొట్టవద్దన్న ఒక్క విషయం మీదే ప్రసంగించారు. మరుసటి ఏడాది స్వీడన్ పిల్లలను కొట్టడాన్ని చట్టంతో నిషేధించింది, ప్రపంచంలో మొదటి దేశంగా. సినిమా వల్ల చట్టం వచ్చిందని నేను అనను. కానీ ఆ చట్టం చేసినవాళ్లు తమ పిల్లలతో కూర్చుని ఎమిల్‌ను చూసినవాళ్లే కదా.

హెల్‌బోమ్ 1977లో ‘లయన్‌హార్ట్ సోదరులు’ తీశారు. చావు గురించి పిల్లలకు చెప్పే కథ, కొంత భాగం ఐస్‌లాండ్ నల్లరాళ్ల మధ్య చిత్రించారు. అందులోని రాక్షసి ఉత్త బొమ్మలా ఉందన్నవాళ్లున్నారు, నిజంగానే బొమ్మలా ఉంటుంది. ఆయన చివరి చిత్రం 1981లో వచ్చిన ‘రాస్ముస్’. అనాథ పిల్లవాడికి తోడయ్యే దేశదిమ్మరిగా మళ్లీ ఎడ్వాలే. హెల్‌బోమ్ పోయాక 1984లో ‘రోన్యా’ను తాగె డానియెల్సన్ తీశారు. ఆయన ఆ దేశపు పేరుమోసిన హాస్య రచయిత. దొంగల నాయకుడి కూతురి కథ అది. మరుసటి ఏడాది బెర్లిన్ చిత్రోత్సవంలో సిల్వర్ బేర్ బహుమతి వచ్చింది. రోన్యాగా వేసిన హన్నా సెట్టెర్‌బెరి పెద్దయ్యాక పార్లమెంటు సభ్యురాలయ్యారు.

జపాన్ ముచ్చట ఒకటి చెప్పి ముందుకెళ్తాను. 1971లో హయావో మియాజాకి అనే కుర్ర యానిమేటర్ పిప్పిని కార్టూన్‌గా తీద్దామని అనుమతి కోసం స్వీడన్ వచ్చాడు. అనుమతి దొరకలేదు. విస్బీ వీధులు, స్టాక్‌హోమ్ కప్పులు మాత్రం కళ్లలో పెట్టుకుని వెళ్లాడు. 1989లో ఆయన తీసిన ‘కికీస్ డెలివరీ సర్వీస్’లో చీపురు మీద ఎగిరే పిల్ల దిగే ఊరు ఆ రెండు ఊళ్ల కలయికే. 2014లో ఆయన కొడుకు గోరో, జపాన్ టీవీకి రోన్యాను 26 భాగాల యానిమేషన్‌గా తీశాడు. తండ్రికి మూసిన తలుపు కొడుక్కి తెరుచుకుంది.

లాస్సె హాల్‌స్ట్రోమ్ గురించి కూడా చెప్పాలి. ఆబ్బా అనే స్వీడన్ పాప్ బృందం పాటల వీడియోలు తీసిన కుర్రవాడు. 1985లో ‘మై లైఫ్ యాజ్ ఎ డాగ్’ తీశాడు. రైదర్ యోన్సన్ నవల అది. తల్లి జబ్బుపడితే బంధువుల ఊరికి పంపేసిన ఒక పిల్లవాడు, అంతరిక్షంలోకి పంపి తిరిగి తీసుకురాని లైకా అనే కుక్కతో తన బతుకును పోల్చుకుంటూ ఉంటాడు. ఆ కుక్క కన్నా నేను నయమే కదా అంటాడు. ఆ సినిమాకు దర్శకత్వానికి, స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. హాలీవుడ్‌కు వెళ్లేముందు, 1986లోనూ 1987లోనూ ఈయన తీసినవి రెండు లిండ్‌గ్రెన్ సినిమాలు. ఆమె తండ్రి పెరిగిన సేవెడ్స్‌టోర్ప్‌లో, మూడు ఎర్ర ఇళ్ల ముందు, ఆరుగురు పిల్లలు ఏమీ చేయకుండా వేసవి గడపడం. కథ అంటూ లేదు. టర్నిప్ తోటలో కలుపు తీస్తారు, గడ్డివాములో పడుకుంటారు, కొట్టుకు వెళ్లి కొనాల్సినవి మరిచిపోయి మళ్లీ వెళ్తారు. నాకు అందులో కొట్టుకు వెళ్లే కథ చాలు.

ఇంత పొగిడాక ఒక అభ్యంతరం కూడా చెప్పాలి. ఈ ఎర్ర ఇళ్లు, తెల్ల కిటికీలు, గడ్డివాములు చూసి చూసి జర్మన్లకు స్వీడన్ అంటే అదే అనిపించింది. ఇందాకటి ఆరుగురు పిల్లల ఊరిని జర్మన్లు బుల్లర్‌బూ అంటారు. దాన్ని ‘బుల్లర్‌బూ సిండ్రోమ్’ అని 2007లో స్టాక్‌హోమ్‌లోని జర్మన్ సాంస్కృతిక సంస్థ గోయెథె ఇన్‌స్టిట్యూట్ అధిపతి ఒక వ్యాసంలో పేరు పెట్టి మరీ వెక్కిరించారు. ఒక దేశమంతా ఎప్పటికీ 1920ల వేసవిలో ఉండిపోయినట్టు. లిండ్‌గ్రెన్ నీడ ఇంకో అన్యాయమూ చేసింది. మరియా గ్రీపె అనే గొప్ప రచయిత్రి కథను 1967లో షెల్ గ్రేడె ‘హ్యూగో, జోసెఫిన్’గా తీశారు. పాస్టరు కూతురు ఒకవైపు, అడవిలో పెరిగి బడికి ఇష్టమైనప్పుడే వచ్చే కుర్రవాడు ఇంకోవైపు. కెమెరా చాలాసార్లు పిల్లల ఎత్తుకే దిగి ఉంటుంది, మాటలు తక్కువ. ఆ ఏటి ఉత్తమ చిత్రంగా స్వీడన్ అత్యున్నత సినిమా పురస్కారం గుల్డ్‌బాగె అందుకుంది. ఆ దేశం బయట ఎంతమంది చూశారు? ఇక్కడ ఎవరైనా చూసి ఉంటే చెయ్యెత్తండి. చూశారా, ఒక్కరూ లేరు. నాకు అవకాశమిస్తే ఈ క్లబ్బులో తర్వాతి సినిమా అదే.

సరే, ఈ రోజు సినిమా. దీనితో లిండ్‌గ్రెన్‌కు సంబంధం లేదు. ఉల్ఫ్ స్టార్క్ రాసిన చిన్న పుస్తకం, స్క్రీన్‌ప్లే కూడా ఆయనదే. దర్శకుడు డెన్మార్క్‌కు చెందిన రుమ్లె హమ్మరిక్. 1994లో స్వీడన్ టీవీ కోసం తీశారు. పేరు ‘ఈల వేయగలవా యోహన్నా’. ఒక పాత పాట పల్లవి అది. క్రిస్మస్ ముందు రోజు స్వీడన్ టీవీలో మధ్యాహ్నం మూడింటికి డొనాల్డ్ డక్ వేయడం 1960 నుంచి ఆచారం. ఈ సినిమా కూడా ఆ రోజు అలవాట్లలో చేరిపోయింది.

కథ మొత్తం చెప్పను. ఇద్దరు స్నేహితులు, ఉల్ఫ్, బెర్రా. ఉల్ఫ్‌కు తాతయ్య ఉన్నాడు. బెర్రాకు లేడు. తాత అంటే ఏం చేస్తాడని బెర్రా అడుగుతాడు. కాఫీ ఇస్తాడు, పంది కాళ్లు తింటాడు అని ఉల్ఫ్ వివరిస్తాడు. నాకూ ఒకరు కావాలంటాడు బెర్రా. అయితే పద, ఎక్కడ దొరుకుతారో నాకు తెలుసు అని ఉల్ఫ్ వాణ్ణి వృద్ధాశ్రమానికి తీసుకెళ్తాడు. సంతలో ఎద్దును చూసుకున్నట్టు బెర్రా ఒక ముసలాయన్ను చూసుకుంటాడు. ఆ ముసలాయన పేరు నిల్స్. వేసింది పేర్ ఆస్కర్సన్. 1966లో ‘ఆకలి’ అనే చిత్రానికి కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి అందుకున్నవాడు. ఆకలితో వీధుల్లో కాగితం నమిలిన ఆ మనిషే ఇక్కడ ఒక గదిలో ఒంటరిగా కూర్చుని ఉంటాడు. తలుపు తీసుకుని ముక్కూ మొహం తెలియని కుర్రవాడొచ్చి ‘తాతయ్యా, నేనొచ్చాను’ అంటాడు. అప్పుడు ఆస్కర్సన్ మొహం చూడండి. వెంటనే ఒప్పుకోడు. కాదనడు కూడా. ఎవరి మనవడో తికమకపడి వచ్చాడా, లేక తానే మరిచిపోయాడా అని ఒక్క క్షణం తనను తాను వెతుక్కుంటాడు. ఆ తర్వాత తేరుకుంటాడు.

సబ్‌టైటిల్స్‌లో పోయే సంగతి ఒకటుంది. మనం అమ్మమ్మ, నానమ్మ అన్నట్టే స్వీడిష్‌లో ‘మూర్‌మూర్’ అంటే అమ్మకు అమ్మ, ‘ఫార్‌మూర్’ అంటే నాన్నకు అమ్మ. మన మాటల కట్టడమే వాళ్లదీ. కానీ మనం తాత దగ్గరికొచ్చేసరికి ఇద్దరినీ ‘తాతయ్య’ అనేశాం. వాళ్లు వదలలేదు. బెర్రా కోరుకునేది ‘మూర్‌ఫార్’, అమ్మకు నాన్న. ఎవరో ఒక ముసలివాడు దొరికితే చాలదు, వాడికి అమ్మవైపు తాత కావాలి. తెర మీద ‘తాతయ్య’ అని పడినప్పుడల్లా అది గుర్తుంచుకోండి.

ఇక దీపాలు ఆర్పవచ్చు. ముందు వరసవాళ్లకు ఒక్క మాట. ఈల వేయడం వచ్చినవాళ్లు సినిమా అయ్యేదాకా ఆగండి. రానివాళ్లు బెర్రాతో పాటు నేర్చుకోవచ్చు, వాడికీ మొదట్లో రాదు.